ఇంజిన్లు మూడు.. ఖజానా ఒక్కటే

మన దేశానికి సొంత వెబ్ బ్రౌజర్ ఉండాలన్న తలంపుతో కేంద్ర ఐటీ శాఖ 2023 ఆగస్టులో ఒక పోటీ పెట్టింది. మొత్తం బహుమతి సొమ్ము 3.41 కోట్ల రూపాయలు. 2025 మార్చిలో ఫలితాలు వచ్చాయి. మొదటి బహుమతి కోటి రూపాయలు జోహో సంస్థకు దక్కింది. ఆ సంస్థ బ్రౌజర్ పేరు ఉలా. వినియోగదారుల వెంటపడే ట్రాకర్లను అడ్డుకుంటుంది, వ్యక్తిగత సమాచారంతో వ్యాపారం చేయనంటుంది. అభినందించాల్సిన ప్రయత్నమే. కానీ మూత తీసి చూస్తే లోపల ఉన్నది క్రోమియం. అంటే అత్యధిక భాగం గూగుల్ ఇంజినీర్లు రాసి, గూగుల్ నిర్వహణలోనే రోజూ మారుతూ ఉండే కోడ్.

ఇందులో జోహోను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇవాళ కొత్తగా బ్రౌజర్ చేయాలనుకున్నవారు దాదాపు అందరూ చేస్తున్నది అదే. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, వివాల్డీ, శాంసంగ్ ఇంటర్నెట్ అన్నీ క్రోమియం మీద కట్టినవే. కృత్రిమ మేధ కంపెనీలు 2025లో ఆర్భాటంగా విడుదల చేసిన కామెట్, అట్లాస్ కూడా అంతే. ఒకే మిల్లులో ఆడించిన బియ్యం పది బ్రాండ్ల సంచుల్లో అంగడికి వచ్చినట్టుంది వ్యవహారం. సంచులను లెక్కపెట్టి పోటీ జోరుగా ఉందనుకుంటే పొరపాటు. మిల్లులెన్ని, వాటిని నడిపే పెట్టుబడి ఎవరిది అన్నవి అడగాల్సిన ప్రశ్నలు.

బ్రౌజర్‌లో మన కంటికి కనిపించే అడ్రస్ బార్, ట్యాబులు, బుక్‌మార్కులు పైపై హంగులు. అసలు చాకిరీ రెండరింగ్ ఇంజిన్‌ది. వెబ్‌సైట్ నుంచి మన ఫోన్‌కు వచ్చేది తయారైన పేజీ కాదు, ఆదేశాల మూట. శీర్షిక ఇంత పెద్దగా ఉండాలి, ఫొటో ఈ పక్కన రావాలి, ఈ బటన్ నొక్కితే ఫలానాది జరగాలి అని అందులో రాసి ఉంటుంది. దాన్ని చదివి, తెర వెడల్పును బట్టి ప్రతి పంక్తీ ఎక్కడ విరగాలో లెక్కగట్టి, బొమ్మగా గీసేది ఇంజిన్. తెలుగు లాంటి లిపులు ఈ పనిని ఇంకా పెంచుతాయి. ‘స్త్రీ’ అన్నది మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని కలిపి ఒక్కటిగా గీయాలి. కర్సర్ వెళ్లి దాని నడుమ నిలబడకూడదు. పేరాలో మొదటి అక్షరాన్ని పెద్దది చేయమంటే ఒక్క ‘స’ మాత్రమే ఉబ్బిపోకూడదు. తెలుగు సంయుక్తాక్షరాన్ని విడదీయరాని ఒకే ముక్కగా లెక్కించే నియమం యూనికోడ్‌లోకి 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌తోగానీ చేరలేదు. ఆ నియమాన్ని తెర మీద అమలు చేయాల్సింది మళ్లీ ఇంజిన్లే.

ప్రపంచమంతటా జనం నిత్యం వాడే ఇంజిన్లు మూడే మూడు. గూగుల్ చేతిలోని బ్లింక్, ఆపిల్ చేతిలోని వెబ్‌కిట్, మొజిల్లా చేతిలోని గెకో. స్టాట్‌కౌంటర్ లెక్కల ప్రకారం ఒక్క క్రోమ్ వాటాయే ప్రపంచంలో మూడింట రెండొంతులకు పైనే. మన దేశంలో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా ఉంటుంది. ఎడ్జ్, శాంసంగ్, ఒపెరా లాంటివాటిని కలుపుకుంటే బ్లింక్ వాటా ఇంకా ఎక్కువ. ఆపిల్ సఫారీది ఐదో వంతు కంటే తక్కువ. మొజిల్లా వారి ఫైర్‌ఫాక్స్ రెండు మూడు శాతం దగ్గర ఈడుస్తోంది.

ఇంత ఏలుబడి చేస్తున్న బ్లింక్ నిజానికి గూగుల్‌లో పుట్టలేదు. 1990ల చివర్లో లినక్స్ కోసం కేడీఈ అనే డెస్క్‌టాప్ తయారుచేసుకుంటున్న ఔత్సాహికులు తమ కాంకరర్ బ్రౌజర్‌కు కేహెచ్‌టీఎంఎల్ అనే చిన్న ఇంజిన్ రాసుకున్నారు. కోడ్ పొందికగా, తేలిగ్గా ఉందని ఆపిల్ దాన్ని తీసుకుని 2003 జనవరిలో సఫారీని ప్రకటించింది. అదే వెబ్‌కిట్ అయింది. 2008 సెప్టెంబరులో గూగుల్ ఆ వెబ్‌కిట్‌తోనే క్రోమ్‌ను తెచ్చింది. ఐదేళ్లు కలిసి పనిచేశాక, 2013 ఏప్రిల్‌లో వేరు కాపురం పెట్టి తన శాఖకు బ్లింక్ అని పేరు పెట్టుకుంది. కోడ్ అందరిదీ అయినప్పుడు ఎవరైనా ఇలా విడిపోవచ్చని ఓపెన్ సోర్స్‌ను సమర్థించేవారు ఈ కథనే ఉదాహరణగా చూపిస్తారు. చట్టప్రకారం విడిపోవచ్చు, నిజమే. అయితే విడిపోయి నిలబడ్డవి ఏవి? ఒకటి ఆపిల్, రెండోది గూగుల్. ఔత్సాహికుల కేహెచ్‌టీఎంఎల్ ఇప్పుడు లేదు.

ఓడిపోయినవారి కథలో ఇంకా ఎక్కువ సరుకుంది. నార్వేలోని ఒపెరాకు ప్రెస్టో అని సొంత ఇంజిన్ ఉండేది. వేగంలోనూ, ప్రమాణాలను పాటించడంలోనూ దానికి మంచి పేరే ఉండేది. అప్పటికే వెబ్ డెవలపర్లు ఐఫోన్‌ను దృష్టిలో పెట్టుకుని వెబ్‌కిట్‌కు మాత్రమే అర్థమయ్యే ఆదేశాలతో సైట్లు కట్టడం అలవాటు చేసుకున్నారు. ఒపెరాలో పేజీలు చెదిరిపోయేవి. వాడేవాళ్లు ఒపెరాను తిట్టుకునేవారు తప్ప సైట్ కట్టినవారిని కాదు. 2012లో ఆ సంస్థ వెబ్‌కిట్ పేరుతో ఉన్న ఆదేశాలను తన ఇంజిన్‌కూ నేర్పించడం మొదలుపెట్టింది. 2013 ఫిబ్రవరికల్లా, 30 కోట్ల మంది వాడుకదారులున్న దశలోనే, ప్రెస్టోను వదిలేస్తున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత మూడేళ్లకు, 2016లో, ఫైర్‌ఫాక్స్ కూడా అవే ఆదేశాలను అర్థం చేసుకోవడం నేర్చుకోక తప్పలేదు. ప్రమాణాల సంఘం రాసింది కాదు, అందరూ వాడుతున్నదే ప్రమాణమైపోయింది.

ఈ తంతు వెబ్‌కు కొత్త కాదు. ఏ బ్రౌజరైనా వెబ్‌సైట్‌కు తనను తాను పరిచయం చేసుకునే ఒక వాక్యం ఉంటుంది. క్రోమ్ చెప్పే వాక్యం మొజిల్లా పేరుతో మొదలై, ఆపిల్ వెబ్‌కిట్ మీదుగా, కేహెచ్‌టీఎంఎల్‌నూ గెకోనూ తలచుకుని, తన పేరు చెప్పి, సఫారీతో ముగుస్తుంది. ప్రతి తరంలోనూ కొత్తగా వచ్చినవారు పాతవారి వేషం వేస్తే తప్ప గడప దాటలేకపోయారన్న చరిత్ర మొత్తం ఆ ఒక్క వరుసలో ఉంది. వివాల్డీ 2019లో ఆ వాక్యంలో తన పేరును చాలా సైట్లకు చెప్పడం మానేసి అచ్చం క్రోమ్‌లా నటించడం మొదలుపెట్టింది. లోపలి ఇంజిన్ క్రోమ్‌దే అయినా పేరు వేరని కొన్ని సైట్లు రానివ్వకపోవడమే కారణం.

మైక్రోసాఫ్ట్ లొంగుబాటు మరీ చెప్పుకోదగ్గది. విండోస్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను కట్టబెట్టి పోటీ బ్రౌజర్ నెట్‌స్కేప్‌ను దెబ్బతీసిందని 1998లో అమెరికా ప్రభుత్వం కోర్టుకీడ్చిన సంస్థ అది. 2000లో ఆ సంస్థను రెండు ముక్కలు చేయాలని న్యాయమూర్తి తీర్పిచ్చారు. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. సరిగ్గా ఆ 2001లోనే ఆరో వెర్షన్ ఎక్స్‌ప్లోరర్ వచ్చింది. ఎదురు లేకపోయేసరికి తర్వాతి వెర్షన్ కోసం ప్రపంచం 2006 అక్టోబరు దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. అంతటి సంస్థ 2018 డిసెంబరులో తన ఇంజిన్‌ను పక్కనపెట్టి క్రోమియంకు మారుతున్నట్టు ప్రకటించింది. డబ్బు లేకనా? ఇంజినీర్లు లేకనా? రెండూ కాదు. సైట్లను క్రోమ్‌లో మాత్రమే సరిచూసుకునే ప్రపంచంలో, ఎంత మంచి ఇంజిన్ రాసినా అది క్రోమ్‌లో కనిపించినట్టే చూపించాలి. వేరుగా ఉండి సాధించేదేమిటన్నది వారి లెక్క. ఒకప్పుడు ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకోని సైట్లతో ఇతరులు పడ్డ పాట్లే చివరికి దాని వారసుడికీ తప్పలేదు.

ఆ ఎక్స్‌ప్లోరర్ రోజులు తెలుగు పాఠకులకు బాగానే గుర్తుండాలి. 2000 తర్వాతి తొలి ఏళ్లలో మన దినపత్రికల సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంట్‌తో, సొంత సంకేతాలతో నడిచేవి. పేజీతోపాటు ఫాంట్‌ను దింపుకొనే పద్ధతి ఎక్స్‌ప్లోరర్‌కు ఒకటి, నెట్‌స్కేప్‌కు మరొకటి. నెట్‌స్కేప్ కనుమరుగయ్యాక మొదటిదే మిగిలింది. అదే పేజీని ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే వార్తలకు బదులు పిచ్చిగీతలు. పత్రికల సంకేతాలను యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ పుట్టుకొచ్చింది. విదేశాల్లో ఉండి లినక్స్ వాడే తెలుగువారికి ఊరి వార్తలు చదవడానికి అదే ఆధారం. ఒక ప్రైవేటు సంస్థ అవసరాలకు తగినట్టు కట్టుకున్నదాన్ని విప్పి చదవడానికి మరొకరు ఉచితంగా శ్రమ పడాల్సి వచ్చిందన్నమాట.

దక్షిణ కొరియా ఇంకా గట్టి మూల్యం చెల్లించింది. 1990ల చివర అమెరికా ఎగుమతి ఆంక్షల వల్ల బలమైన ఎన్‌క్రిప్షన్ దొరక్క, ఆ దేశం సీడ్ అని సొంత పద్ధతి తయారుచేసుకుంది. అది బ్రౌజర్లలో లేదు కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే పనిచేసే యాక్టివ్‌ఎక్స్ ద్వారా అతికించారు. బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు, ఆన్‌లైన్ దుకాణాలు అన్నీ దానికి కట్టుబడ్డాయి. ప్రపంచంలోకెల్లా వేగవంతమైన ఇంటర్నెట్ ఉన్న దేశాల్లో ఒకటి, డబ్బు పంపడానికి ఏళ్ల తరబడి కాలం చెల్లిన బ్రౌజర్‌ను వదల్లేకపోయింది. ఆ ఏర్పాటులో భాగమైన డిజిటల్ ధ్రువపత్రాలకున్న ప్రత్యేక హోదా తొలగింది 2020 డిసెంబరులో. స్వదేశీ సాంకేతికత కోసం మొదలైన ప్రయత్నం పరాయి బ్రౌజర్‌కు దేశాన్ని కట్టేయడం దగ్గర ముగిసింది. స్వావలంబన నినాదంతో బ్రౌజర్ పోటీలు పెట్టేవారు ఈ అధ్యాయాన్ని ఒకసారి తిరగేస్తే మంచిది.

అందరూ ఒకే భాగం మీద ఆధారపడితే ఏమవుతుందో మన అక్షరమే ఒకసారి ప్రపంచానికి చూపించింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేక సంకేతాల కూర్పుతో మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. వాట్సాప్, ట్విటర్, ఆపిల్ సొంత మెసేజెస్, ఒకటేమిటి, తెలుగు ముక్క రానివారి ఫోన్లూ చతికిలపడ్డాయి. ఆ యాప్‌లన్నింటికీ అక్షరాలు కూర్చిపెట్టేది ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్ ఒక్కటే. తప్పు దానిది. ఫిబ్రవరి 19న అప్‌డేట్ వచ్చి సమస్య తీరింది. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఏమీ కాలేదు, ఎందుకంటే అక్కడ అక్షరాలు కూర్చేది హార్ఫ్‌బజ్ అనే వేరే కోడ్. ఇక 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలను చదివే ఒక చిన్న లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం బయటపడినప్పుడు క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్‌లతోపాటు ఫైర్‌ఫాక్స్ కూడా హడావుడిగా అప్‌డేట్లు ఇవ్వాల్సి వచ్చింది. అందరూ అదే లైబ్రరీ వాడుతున్నారు మరి.

ఇక్కడ ఒక మాట గూగుల్ పక్షాన చెప్పాలి. క్రోమ్‌ను పాత ఎక్స్‌ప్లోరర్‌తో పోల్చి తిట్టడం తేలిక, కానీ అది న్యాయం కాదు. ఎక్స్‌ప్లోరర్ గెలిచి నిద్రపోయింది. క్రోమ్ గెలిచాక కూడా కొన్ని వారాలకో కొత్త వెర్షన్ ఇస్తోంది. భద్రతా లోపాలను కనిపెట్టడానికీ, పూడ్చడానికీ గూగుల్ భారీగా ఖర్చు పెడుతోంది. కోడ్ బహిరంగం. క్రోమియం ఆధారిత బ్రౌజర్లకు అండగా లినక్స్ ఫౌండేషన్ కింద 2025 జనవరిలో ఒక నిధి ఏర్పడింది. గూగుల్‌తోపాటు మెటా, మైక్రోసాఫ్ట్, ఒపెరా అందులో చేరాయి. ఆ సందర్భంగా గూగుల్ తనే ఒక లెక్క చెప్పుకుంది. 2024లో క్రోమియంలోకి చేరిన మార్పుల్లో సుమారు 94 శాతం గూగుల్ వారివే, లక్షకు పైచిలుకు. త్యాగాన్ని చాటుకోవడానికి చెప్పిన ఆ అంకె పెత్తనాన్ని కూడా చాటుతోంది. కాబట్టి ఇప్పటి చిక్కు వెబ్ ఎదుగుదల ఆగిపోవడం కాదు. ఎటువైపు ఎదగాలో ఒక్కరే తేల్చడం.

ఎక్స్‌టెన్షన్ల నియమాలను మార్చిన మేనిఫెస్ట్ వీ3నే తీసుకోండి. ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ లాంటివి పాత పద్ధతిలో, పేజీ నుంచి వెళ్లే ప్రతి అభ్యర్థననూ పరిశీలించి అక్కడికక్కడ ఆపేసేవి. కొత్త పద్ధతిలో ముందే ఒక నియమాల జాబితా ఇవ్వాలి, ఆపే పని బ్రౌజర్ చూసుకుంటుంది. భద్రత కోసం, వేగం కోసం అని గూగుల్ వాదన. కొంత నిజమే, చెడ్డ ఎక్స్‌టెన్షన్లు జనం సమాచారాన్ని దోచిన సందర్భాలున్నాయి. అయితే అభ్యర్థనలను గమనించే అధికారాన్ని కొత్త పద్ధతి తీసేయలేదు. అక్కడికక్కడ ఆపే అధికారాన్నే తీసేసింది. తొంగిచూడవచ్చు, అడ్డుకోకూడదు అన్న భద్రతా సూత్రం నాకు మాత్రం కొరుకుడు పడలేదు. 2024, 2025లలో క్రోమ్‌లో పాత ఎక్స్‌టెన్షన్లు వరుసగా ఆగిపోయాయి. క్రోమియం మీద కట్టుకున్న ఇతర బ్రౌజర్లు, మూల కోడ్‌లో ఆ భాగం ఉన్నంతకాలం మేమూ ఉంచుతాం అనడం కంటే ఎక్కువ చెప్పలేకపోయాయి. అసలు ఇంజిన్‌లో తీసేసిన భాగాన్ని నెలనెలా మారే కోట్ల వరుసల కోడ్‌లోకి మళ్లీ మళ్లీ అతికించుకోవడం చిన్న సంస్థల తరం కాదు. బ్రేవ్‌కు అంతగా నొప్పి తెలియకపోవడానికి కారణం ఉంది. ప్రకటనలను అడ్డుకునే పనిని అది ఎక్స్‌టెన్షన్‌కు వదలకుండా ముందే సొంతంగా రాసుకుంది. పాత పద్ధతి యథాతథంగా పనిచేస్తున్నది ఫైర్‌ఫాక్స్‌లో, అంటే వేరే ఇంజిన్‌లో.

వెంటపడే కుకీల కథ మరో రకం. ఫైర్‌ఫాక్స్ 2019లోనే తెలిసిన ట్రాకర్ల కుకీలను అడ్డుకోవడం మొదలుపెట్టింది. సఫారీ 2020 మార్చి నుంచి ఇతర సైట్ల కుకీలను పూర్తిగా ఆపేసింది. గూగుల్ 2020 జనవరిలో రెండేళ్లలో తీసేస్తామని మాటిచ్చి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జులైలో ఆ ఆలోచననే మానుకుంది. పూర్తిగా దాని దోషమే అనలేం. కుకీలు తీసేస్తే ప్రకటనల మార్కెట్లో గూగుల్‌కే మేలు జరుగుతుందన్న ఫిర్యాదులతో బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ రంగంలోకి దిగి 2022లో హామీలు రాయించుకుంది. ప్రకటనలు అమ్ముకునే సంస్థ చేతిలోనే బ్రౌజర్ ఉంటే, గోప్యతకు మేలు చేసే నిర్ణయమైనా అనుమానంగానే కనిపిస్తుంది. చేసినా తంటా, మానినా తంటా.

ఇతర ఇంజిన్లు ఉండబట్టి ఆగిన పనులూ ఉన్నాయి. 2023లో గూగుల్ ఇంజినీర్లు ఒక ప్రతిపాదన తెచ్చారు. వాడుతున్న ఫోన్, బ్రౌజర్ ‘నమ్మదగినవే’నని మూడో పక్షం ధ్రువపత్రం ఇస్తే వెబ్‌సైట్ దాన్ని సరిచూసుకోవచ్చు. ఆచరణలో అది గుర్తింపు లేని బ్రౌజర్లను గుమ్మంలోనే ఆపే కాపలాదారు అయ్యే ప్రమాదం ఉందని మొజిల్లా వ్యతిరేకించింది, బ్రేవ్, వివాల్డీలూ గొంతు కలిపాయి. అదే ఏడాది నవంబరులో గూగుల్ వెనక్కి తగ్గింది. జేపెగ్ ఎక్స్‌ఎల్ అనే కొత్త బొమ్మల ఫార్మాట్‌ది తలకిందుల కథ. తగినంత ఆసక్తి లేదంటూ 2022లో క్రోమ్ బృందం దాన్ని తీసేసింది. మరుసటి ఏడాది సఫారీ చేర్చుకుంది. ఇంకొకరు బతికించి ఉంచడం వల్ల ఆ చర్చ చావలేదు.

వెబ్ ప్రమాణాలు రాసేవారికి ఈ సూక్ష్మం ఎప్పటి నుంచో తెలుసు. బ్రౌజర్‌లోనే చిన్న డేటాబేస్ ఉండేలా వెబ్ ఎస్‌క్యూఎల్ అనే ప్రమాణాన్ని ఒకప్పుడు రాయబోయారు. 2010లో దాన్ని పక్కన పెట్టేశారు. అమలు చేసినవారంతా ఎస్‌క్యూలైట్ అనే ఒకే సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి లోపల పెట్టుకోవడమే కారణం. ఇద్దరు ముగ్గురు విడివిడిగా రాసి, వారి ఫలితాలు కలిస్తేనే ప్రమాణం స్పష్టంగా ఉందని తేలుతుంది. అందరూ ఒకే కోడ్ వాడితే ఆ కోడ్‌లోని తప్పులే ప్రమాణమై కూర్చుంటాయి. పదిహేనేళ్ల కిందట ఒక చిన్న డేటాబేస్ విషయంలో ఇంత పట్టుదల చూపిన వెబ్ లోకం, ఇప్పుడు మొత్తం ఇంజిన్ విషయంలోనే ఆ దిశగా జారుతోంది.

జారకుండా ఆపుతున్నది ఏమిటో చూస్తే కాస్త ఇబ్బందికరమైన జవాబే దొరుకుతుంది. ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ పెట్టుకున్నా లోపల వెబ్‌కిట్టే ఉండాలన్నది ఆపిల్ నియమం. ఐఫోన్‌లోని క్రోమ్ కూడా పేరుకే క్రోమ్. ఇది పచ్చి గుత్తాధిపత్య నియమం, సందేహం లేదు. కానీ బ్లింక్ ప్రపంచమంతా పరచుకోకుండా అడ్డుపడుతున్న గోడ కూడా అదే. ఐఫోన్ వాడే సంపన్న వినియోగదారులను పోగొట్టుకోలేక డెవలపర్లు సఫారీలోనూ సరిచూసుకుంటున్నారు. ఐరోపా డిజిటల్ మార్కెట్ల చట్టం వల్ల 2024 మార్చి నుంచి అక్కడ, కొత్త చట్టం వల్ల 2025 డిసెంబరు నుంచి జపాన్‌లో ఆపిల్ ఆ తలుపు తీయాల్సి వచ్చింది. ఐరోపాలో తలుపు తీసి ఏడాది దాటినా సొంత ఇంజిన్‌తో ఐఫోన్‌లోకి వచ్చిన పెద్ద బ్రౌజర్ లేదు. పెట్టిన షరతులు అలాంటివి. ఆ షరతులు సడలి గోడ నిజంగా కూలిన రోజున మొదట లోపలికి వచ్చేది గెకో అనుకునేవారు అమాయకులు. అయినా గోడను సమర్థించలేను. వినియోగదారుడి ఎంపికను కాలరాసి నిలబెట్టే వైవిధ్యం యజమాని దయ మీద ఉంటుంది, ఆ దయ ఎప్పుడు తీరిపోతుందో తెలియదు.

అన్నిటికంటే పెద్ద ముడి డబ్బు దగ్గరుంది. బ్రౌజర్‌ను జనం కొనరు. మరి ఇంజిన్ల మీద పనిచేసే వందలాది ఇంజినీర్ల జీతాలు ఎక్కడివి? గూగుల్ సెర్చ్ మీద అమెరికా ప్రభుత్వం నడిపిన గుత్తాధిపత్య కేసులో జవాబు బయటపడింది. తన సెర్చ్‌ను డిఫాల్ట్‌గా ఉంచినందుకు గూగుల్ 2021లో ఇతర సంస్థలకు చెల్లించింది 2,630 కోట్ల డాలర్లు. 2022లో ఒక్క ఆపిల్‌కే ముట్టింది 2,000 కోట్ల డాలర్లు. మొజిల్లా ఆదాయంలో సింహభాగం కూడా గూగుల్ చెల్లింపే. అంటే బ్లింక్ గూగుల్ సొంతం, గెకోకు తిండి గూగుల్ పెడుతోంది, వెబ్‌కిట్ యజమానికి సఫారీ వల్ల వస్తున్న భారీ రాబడీ గూగుల్‌దే. ఇంజిన్లు మూడున్నాయని ఊరట చెందుతున్నాం, ముగ్గురి ముందూ ఒకే ఖజానా ఉంది.

2024 ఆగస్టులో న్యాయమూర్తి అమిత్ మెహతా సెర్చ్‌లో గూగుల్ అక్రమంగా గుత్తాధిపత్యం కాపాడుకుంటోందని తేల్చారు. శిక్షగా క్రోమ్‌ను అమ్మించాలని ప్రభుత్వం కోరింది. పర్‌ప్లెక్సిటీ అనే ఏఐ కంపెనీ 3,450 కోట్ల డాలర్లు ఇస్తానంటూ ముందుకొచ్చింది కూడా, తన విలువ అంతకంటే తక్కువైనా. 2025 సెప్టెంబరు 2న వచ్చిన ఆదేశం క్రోమ్ అమ్మకాన్ని తోసిపుచ్చింది. ప్రత్యేక హక్కుల ఒప్పందాలు కూడదంది, కానీ చెల్లింపులను మాత్రం నిషేధించలేదు. నిషేధిస్తే తాము మునిగిపోతామని మొజిల్లా మొత్తుకుంది మరి. గూగుల్‌కు పోటీగా నిలిచిన సంస్థే గూగుల్ డబ్బు ఆపవద్దని కోర్టును వేడుకుంది. ఈ ఒక్క దృశ్యం చాలు, బ్రౌజర్ల పోటీ ఎంత బోలుగా ఉందో తెలియడానికి. క్రోమ్‌ను అమ్మించడం కూడా మందు కాదని నా అభిప్రాయం. కొన్నవారు పెట్టుబడి రాబట్టుకోవాలంటే ప్రకటనల వైపో, ఏఐ వైపో అదే దారిలో నడవాలి. ఇంజిన్‌కు ఏటా అయ్యే ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్న అక్కడే ఉంటుంది.

మన దేశం ఈ కథలో ప్రేక్షకురాలు మాత్రమే కాదు. 2017లో వచ్చిన జియోఫోన్ కాయ్ ఓఎస్ మీద నడిచింది. దాని పునాది మొజిల్లా వదిలేసిన ఫైర్‌ఫాక్స్ ఓఎస్, లోపలి ఇంజిన్ గెకో. గూగుల్, ఆపిల్ చేతుల్లో లేని ఇంజిన్‌ను, ఆ పేరైనా వినని కోట్ల మంది భారతీయులు చౌక ఫోన్‌లో ఏళ్లపాటు వాడారు. ప్రభుత్వాలు అప్పుడు ఆ ఇంజిన్‌లో తమ సైట్లు సరిగ్గా తెరుచుకుంటున్నాయా అని పట్టించుకుని ఉంటే కథ కొంత వేరుగా ఉండేది. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ కేసులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆండ్రాయిడ్ బలంతో బ్రౌజర్ మార్కెట్లో క్రోమ్‌ను నెట్టుకొచ్చిందన్నది అందులో ఒక అభియోగం. 2023 మార్చిలో అప్పీలు ట్రైబ్యునల్ జరిమానాను సమర్థించింది. క్రోమ్ వాటా మాత్రం అక్కడే ఉంది.

సొంత ఇంజిన్ రాయడం మనవల్ల అయ్యే పనేనా అని పెదవి విరిచేవారు లేడీబర్డ్‌ను చూడాలి. ఆండ్రియాస్ క్లింగ్ అనే ప్రోగ్రామర్ సరదాగా మొదలుపెట్టిన పని అది. ఎవరి ఇంజిన్ కోడూ తీసుకోకుండా కొత్త ఇంజిన్ రాస్తున్నారు. 2024లో లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడింది, గిట్‌హబ్ సహ వ్యవస్థాపకుడు పది లక్షల డాలర్లు విరాళమిచ్చారు, చేతివేళ్ల మీద లెక్కపెట్టదగ్గ ఇంజినీర్లతో నడుస్తోంది. మొజిల్లా 2020 ఆగస్టులో 250 మందిని తీసేసినప్పుడు వీధిన పడ్డ సర్వో ఇంజిన్ బృందం పని కూడా లినక్స్ ఫౌండేషన్ నీడలో మళ్లీ చిగురించింది. రెండింటి కోడూ బహిరంగమే. ఇంకో బ్రౌజర్‌కు రంగులద్దడానికి ఇచ్చే కోట్లను, ఆ ఇంజిన్లలో భారతీయ లిపుల పని చేసే నలుగురు ఇంజినీర్ల జీతాలకు మళ్లిస్తే ఫలితం శాశ్వతంగా ఉంటుంది. తెలుగు అక్షరం ఎలా విరగాలి, ఎలా విరగకూడదు అన్న పరీక్షలను అన్ని ఇంజిన్లూ ఉమ్మడిగా వాడుకునే వెబ్ ప్లాట్‌ఫాం టెస్ట్స్‌లో చేర్చవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. గూగుల్, మైక్రోసాఫ్ట్‌ల భారీ క్యాంపస్‌లున్న హైదరాబాద్‌లో ఈ పని తెలిసినవారికి కొరత ఉండదు.

అంతకంటే చవకైన పని ఒకటుంది. ప్రభుత్వ సైట్లు కట్టే టెండర్లలో మూడు ఇంజిన్లలోనూ పరీక్షించి చూపించాలన్న షరతు పెట్టి, చూపించకపోతే బిల్లు ఆపడం. టెండరు దాఖలు చేయాలంటే డిజిటల్ సంతకం డాంగిల్‌తోపాటు పాత ఎక్స్‌ప్లోరర్ కూడా కావాల్సిన రోజులు కాంట్రాక్టర్లు మరిచిపోలేదు. ఆ చోటికి ఇప్పుడు క్రోమ్ వచ్చింది, అంతే తేడా. ఒక రాష్ట్రం భూముల పోర్టల్, పెన్షన్ల పోర్టల్ ఫైర్‌ఫాక్స్‌లో కూడా తెరుచుకోవాలని పట్టుబడితే ఆ రాష్ట్రంలోని ప్రతి చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ రెండో ఇంజిన్‌ను తెరిచి చూడక తప్పదు.

డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదాను కేంద్రం 2024 మార్చిలో బయటపెట్టింది. కీలక సేవల జాబితాలో వెబ్ బ్రౌజర్లు ఉన్నాయి. పెద్ద కంపెనీల అభ్యంతరాల నడుమ బిల్లు ముందుకు కదల్లేదు. ఐరోపా చట్టం 5వ అధికరణంలో బ్రౌజర్ ఇంజిన్‌ను విడిగా పేర్కొని, యాప్‌లపై దాన్ని రుద్దకూడదంది. మన బిల్లు మళ్లీ కదిలినప్పుడు బ్రౌజర్‌తో సరిపెట్టకుండా ఇంజిన్ మాట సూటిగా అందులో ఉండాలి. డిఫాల్ట్ సెర్చ్ కోసం భారత మార్కెట్లో ఎవరు ఎవరికి ఎంత చెల్లించారో ఏటా కమిషన్‌కు వెల్లడించాలన్న నిబంధన కూడా ఉండాలి. అమెరికాలో ఆ లెక్కలు పోటీ కేసు విచారణ జరిగితే తప్ప బయటికి రాలేదు.